తేదీ కోసం వదిలిన ఖాళీ

"ఈ సంతకం నీదేనా?"

"నాదే అక్కా."

"ఎప్పుడు పెట్టావు?"

"అదే తెలీడం లేదు."

పదీ నలభై అయింది. డిటెక్టివ్ బల్ల మీద ఒక దస్తావేజు నకలు ఉంది. రెండే పేజీలు. బల్ల అవతల కూర్చున్న అమ్మాయి ఒళ్ళో అయిదు నెలల పాప ఉంది. పాప మూతి విరిచిందో లేదో, ఏడుపు బయటికి రాకముందే ఆ అమ్మాయి ఎత్తుకుని భుజాన వేసుకుంటోంది. వచ్చిన అరగంటలో ఇది ఆరోసారి. ఇంతవరకూ పాప గొంతు ఎలా ఉంటుందో డిటెక్టివ్‌కి తెలీదు.

"ఈ పది పన్నెండు రోజుల్లో అన్నయ్య నాలుగు కాగితాల మీద పెట్టించుకున్నాడు. నాన్న పోయాక మూడు. బ్యాంకుదొకటి, పింఛనుదొకటి, చావు సర్టిఫికెట్టుకి ఒకటి. అంతకుముందు కరెంటు మీటరుకని ఒకటి. ఏది ఏదో ఎలా చెప్పను? పాప పుట్టిన దగ్గర్నించీ నాకు వారాలు లేవక్కా. పొద్దున మందు వేసుకున్నానా అంటే, వేసుకునే ఉంటాను అంటాను. అంతే నా సంగతి."

డిటెక్టివ్ ఆ మాటకి నవ్వలేదు, విసుక్కోలేదు. ఆవిడ పదకొండేళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తాగా చేసి, ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చింది. మనిషి అబద్ధం ఆడితే కాగితం ఊరుకోదు, కాగితం అబద్ధం ఆడితే మనిషి ఊరుకుంటాడు అని ఆవిడకి ఆ గదిలోనే తెలిసింది.

నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోనులో చెప్పిన సంగతి ఇదీ. ఆ అమ్మాయి తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. కింద కొట్టు, పైన రెండు గదులు. ఇల్లు ఆయన సొంతం. పోయినవారం సోమవారం తెల్లవారుజామున పనిబల్ల మీద తలవాల్చి అలాగే పోయాడు. వయసు డెబ్భై నాలుగు, గుండె ఆగింది అని డాక్టరు రెండు ముక్కలు రాసిచ్చాడు. ఆయనకి ఒక కొడుకు, ఒక కూతురు. చెరిసగం. కూతురి మొగుడు పాప కడుపులో ఉండగానే లారీ కింద పడి పోయాడు కాబట్టి, ఆ అమ్మాయికి ఉన్నది పైన రెండు గదులూ, ఆ పాపా.

ఈ కాగితం ప్రకారం ఆ గదులు కూడా లేవు. దీన్ని హక్కు విడుదల పత్రం అంటారు. ఉమ్మడి ఆస్తిలో ఒకళ్ళు తమ హక్కంతా వదిలేసి రెండోవాళ్ళ పేరు మీదికి మార్చడం. అమ్మకం కాదు, ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. "నాకున్న సమస్త హక్కును నా ఇష్టపూర్వకంగా నా అన్నగారికి విడుదల చేయడమైనది" అంటే సరి. మంగళవారం నోటరీ ముద్ర పడింది. ఆ ముద్ర ఉంటే ఈ ఊరి ఆఫీసులో సంతకం పెట్టిన మనిషిని పిలవరు. బుధవారం పదకొండూ పావుకి ఆఫీసులో నమోదైంది. ఇవాళ మళ్ళీ బుధవారం. సాయంత్రం అయిదింటికి ఇల్లు కొనుక్కునేవాళ్ళు తాళాలు తీసుకోవడానికి వస్తారు. అయిదూ అయిదుకి ఈ తల్లీ పిల్లా వీధిలో ఉంటారు.

"రోజు వదిలెయ్. నిన్న మీ అన్నయ్య షాపుకెళ్ళి అడిగితే మంగళవారం అన్నాడు" అంది డిటెక్టివ్. "సంతకం చూడు. చివరి అక్షరం తోక ఇలా పైకి ఎగిరిపోయిందేం? నువ్వు తెచ్చిన మిగతా మూడు నకళ్ళలో ఇలా లేదు."

ఆ అమ్మాయి వంగి చూసింది. సంతకం చివర గీత బెత్తెడు దూరం పైకి దూసుకుపోయి, పైనున్న అచ్చు అక్షరాల్లోకి వెళ్ళి ఆగింది.

"ఇదా. పాప తన్నింది."

"ఎక్కడ తన్నింది?"

"చేతి మీద."

"అది కాదమ్మా. ఏ చోట ఉండగా?"

"టీకాల సెంటర్లో. క్యూలో." ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "అవును, క్యూలోనే. నా ముందు ఇంకా ఇద్దరున్నారు. అన్నయ్య అక్కడికే వచ్చాడు. మీటరు పేరు మార్పు, ఆఫీసు మూసేస్తారు, తొందరగా పెట్టు అన్నాడు. కూర్చునే చోటు లేదు. పాపని ఒక చేత్తో పట్టుకుని, కాగితం కింద పాప టీకాల కార్డు అట్టలా పెట్టుకుని..."

"కార్డు ఉందా?"

సంచిలోంచి వరసగా బయటికొచ్చాయి. పాలసీసా, రెండు గుడ్డలు, ఒక్క మేజోడు, మూతల మందుల డబ్బా, వాటి అడుగున కార్డు. డిటెక్టివ్ కిటికీ రెక్క మూసి, సొరుగులోంచి టార్చి తీసి, కార్డుని బల్లకి ఆనించి, వెలుతురు పక్కనుంచి నేల మీద పాకినట్టు పడేలా పట్టుకుంది. నున్నటి అట్ట మీద గుంటలు తేలాయి. కలం నొక్కిన గుంటలు. సంతకం, చివర తోక, తోక పైకి ఎగిరిన బెత్తెడు గీత. నకలు పక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

కార్డు వెనక రెండు రబ్బరు ముద్రలున్నాయి. ఆ సెంటర్లో టీకా వేశాక కార్డు ఇంటికివ్వరు, డాక్టరు సంతకం కోసం ఉంచుకుంటారు. డాక్టరు వచ్చేది గురువారమే. మొదటి ముద్రలో 'తీసుకున్నది: శనివారం 11:20'. రెండో ముద్రలో 'తిరిగి ఇచ్చినది: గురువారం 10:05'.

డిటెక్టివ్ వేళ్ళు మడిచింది. "మంగళవారం నాడు ఈ కార్డు నీ దగ్గర లేదు. గురువారం నీ చేతికొచ్చేసరికి కాగితం అప్పటికే ఆఫీసులో నమోదైపోయింది. అంటే శనివారం పదకొండూ ఇరవైకి ముందే సంతకం పెట్టావు."

"పెడితే?"

"శనివారం మీ నాన్న ఏం చేస్తున్నాడు?"

"కింద కొట్లో... ఎవరిదో చేతి గడియారం..."

"తండ్రి బతికుండగా ఆయన ఇంట్లో నీకు వాటా లేదు. లేని వాటాని ఎలా వదులుకుంటావు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ కాగితం చెల్లదు."

ఆ అమ్మాయి పాప నెత్తి మీద ముక్కు ఆనించింది. తర్వాత ముక్కు చీదుకుని అంది. "అన్నయ్య చెడ్డవాడు కాదక్కా. బుద్ధి గడ్డి తింది. నిన్న సాయంత్రం కూడా వచ్చి, నాకు రక్తం తక్కువుందని వారానికి సరిపడా బిళ్ళలు గళ్ళలో సర్ది ఇచ్చి వెళ్ళాడు. పొద్దుటివి పొద్దున, రాత్రివి రాత్రి. సొంత మందుల షాపు కదా."

డిటెక్టివ్ ఆ డబ్బా వైపు చూసింది. ఏడు జతల చిన్న మూతలు. ఆవిడ మనసు అప్పుడు కార్డు మీద ఉంది.

*

పన్నెండూ పదికి కొట్టు తలుపు తీసింది కోటు.

కోటు అంటే మనిషే. ఎండాకాలమైనా వానాకాలమైనా ఒంటి మీద అదే కోటుంటుంది కాబట్టి ఊళ్ళో డిటెక్టివ్‌లందరూ అలాగే పిలుస్తారు. ఇల్లు కొనేవాళ్ళు కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని ఆయన్ని పెట్టుకున్నారు. ఇదివరకు రెండు కేసుల్లో ఈవిడ చేతిలో ఓడిపోయాడు. మూడోది తనదే అనుకుంటున్నాడు.

"రండి భూతద్దం గారూ. ఆలస్యంగా వచ్చారు. సంతకం ఆవిడదే, ముద్ర నోటరీదే, నమోదు ఆఫీసుది. ఇంకేం కావాలి, పూలదండా?"

"ఆ దండ మీరే ఉంచుకోండి కోటు గారూ, సాయంత్రానికి పనికొస్తుంది. ముందు పనిబల్ల చూడాలి."

"చూడండి. ముట్టుకోకండి."

డిటెక్టివ్ వెనకే పాపతో ఆ అమ్మాయి కూడా వచ్చింది. లోపల అన్నగారు ఉన్నాడు. నలభై దాటిన మనిషి, శుభ్రంగా గీసుకున్న గడ్డం, చొక్కా జేబులో మూడు కలాలు. చెల్లెల్ని చూసి లేచి, పాప బుగ్గ మీద వేలితో రాసి, "నిద్రపోలేదా ఇది?" అన్నాడు. ఏ మేనమామైనా అనేలాగే.

డిటెక్టివ్ బల్ల ముందు నిలబడింది. ముసలాయన పద్ధతిగల మనిషి. స్క్రూడ్రైవర్లు పొడవు ప్రకారం, పట్టకార్లు మొన ప్రకారం, కంటికి పెట్టుకునే అద్దం దాని గిన్నెలో. బల్ల మీద పరిచిన పచ్చ గుడ్డ దీపం వెలుతురుకి ఏళ్ళ తరబడి వెలిసి ఎండుగడ్డి రంగుకి తిరిగింది. కుడి చేతి వైపు ఒక్కచోట మాత్రం వెలవలేదు. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు, అంచులు గీసినట్టున్నాయి.

"ఇక్కడేం ఉండేది?"

"నాన్న మందుల డబ్బా" అన్నాడు అన్నగారు వెంటనే. "గుండె మందులు. ప్రతి శనివారం నేనే నింపేవాణ్ణి."

"ఇప్పుడెక్కడుంది?"

"పోయినాయన మందులు ఏం చేసుకుంటాం? పారేశాను."

"ఎప్పుడు?"

"సోమవారం."

"పొద్దున్నా, సాయంత్రమా?"

"ఆయన్ని పంపించి వచ్చాక. నాలుగింటికేమో."

"తండ్రిని సాగనంపి వచ్చి మొదట చేసిన పని మందుల డబ్బా పారెయ్యడమా?"

కోటు నవ్వాడు. "ఏమండీ, ఇల్లు ఎవరిదని అడగడానికొచ్చి దుమ్ము ఎవరిదని అడుగుతారేంటి?"

డిటెక్టివ్ సంచిలోంచి కార్డు, టార్చి, నకలు తీసి బల్ల మీద పెట్టి, పొద్దున చెప్పిందే మళ్ళీ చెప్పింది. క్యూ, అట్ట, పాప తన్నడం, రెండు ముద్రలు. గొంతు పెంచలేదు, ఎక్కడా ఆగలేదు. కోటు మొదట చేతులు కట్టుకుని విన్నాడు. తర్వాత చేతులు విప్పాడు. చివరికి తనే టార్చి పట్టుకుని వంగి, గుంటల్ని నకలుతో పోల్చి చూసుకున్నాడు. వంగినవాడు లేవడానికి చాలాసేపు పట్టింది.

"శనివారం" అన్నాడు.

"శనివారమే."

ఆయన అన్నగారి వైపు తిరిగాడు. "మీరు నాతో మంగళవారం అన్నారు. నోటరీ ఎదురుగా పెట్టిందన్నారు."

అన్నగారు కూర్చున్నాడు. చేతులతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "తప్పే చేశాను. శనివారం ఖాళీ కాగితం మీద పెట్టించుకున్నాను. మీటరుకే అనుకున్నాను అప్పుడు, నిజంగా. నాన్న పోయాక బుద్ధి వంకరైంది. ఆ ఖాళీ మీద అచ్చు వేయించాను. నోటరీ తెలిసినవాడు, మొహం చూడకుండా ముద్రేశాడు. ఒసేయ్ చెల్లీ, నీ సగం నీదే. ఇవాళే రాసిచ్చేస్తాను. కొనేవాళ్ళకి నేనే చెప్పుకుంటాను. నువ్వు పైకెళ్ళి పడుకో. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?"

ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళతో తలూపింది. పాపని ఎత్తుకుని, మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి డిటెక్టివ్‌కి దణ్ణం పెట్టి, పైకి వెళ్ళిపోయింది.

గోడ మీద గడియారాలు రకరకాల టైములు చూపిస్తున్నాయి. డిటెక్టివ్ తన చేతి గడియారం చూసుకుంది. పన్నెండూ ముప్ఫై ఎనిమిది. కోటు 'శనివారం' అని నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

బయటికొచ్చాక కోటు అన్నాడు. "సరే, గెలిచారు. మరి ఆ మొహమేంటి?"

"ఇంటిని అమ్మెయ్యడానికి సిద్ధపడ్డవాడు నాలుగు నిమిషాల్లో సగం ఇచ్చేశాడు. మీరైతే ఇస్తారా?"

"నేనైతే లాయర్ని పిలుస్తాను."

"అదే. పెద్ద దొంగతనం చేసినవాడే చిన్న దొంగతనం ఒప్పుకుంటాడు. ఖాళీ కాగితం అన్నాడు చూశారా, ఆ మాట నేనడగలేదు. కాగితం ఖాళీగా ఉందని మనం నమ్మాలని ఆయనకి ఎందుకంత తొందర?"

కోటు గడ్డం గోక్కున్నాడు. "మీకు పూలదండ ఇచ్చినా పువ్వులు లెక్కపెడతారు."

"మీరు ఎలాగూ అయిదింటిదాకా ఇక్కడే ఉండాలిగా, కొనేవాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవడానికి. నాకు మీ నంబరు ఇవ్వండి."

"మూడేళ్ళ నుంచి అడుగుతారేమో అని చూస్తున్నాను" అని జేబులోంచి కార్డు తీసిచ్చాడు.

*

దస్తావేజు లేఖరి గది రిజిస్ట్రేషన్ ఆఫీసు వెనక సందులో ఉంది. డిటెక్టివ్ వెళ్ళేసరికి తలుపుకి తాళం ఉంది. ఆయన భోజనానికి ఇంటికెళ్ళి ఓ కునుకు తీసి మూడున్నరకి గానీ రాడు. ఇవాళ నాలుగైంది. ఆవిడ మెట్టు మీదే కూర్చుని నకలుని పదిసార్లు చదివింది.

రెండో పేజీలో, సంతకానికి కాస్త పైన ఈ వాక్యం ఉంది. "మా తండ్రిగారు తేది ........న మరణించినందున సదరు ఆస్తి మా ఇరువురికి ఉమ్మడిగా సంక్రమించినది." ఖాళీలో సోమవారం తేదీ కలంతో వేసి ఉంది. ఎగిరిన తోక సరిగ్గా ఆ వాక్యం మధ్యలోకే వెళ్ళి ఆగింది. టీకాల కార్డు మీద సంతకం గుంట ఉంది, తోక గుంట ఉంది, తేదీ గుంట లేదు. తేదీ తర్వాత వేశారు. అంతవరకూ అన్నగారి కథకి సరిపోయింది. కానీ పేజీ అడుగున, ఎడమ మూల, చీమ తలకాయంత అంకెలు మూడున్నాయి. 412.

"ఏమ్మాయ్, మెట్టు మీద కూర్చున్నావు? మళ్ళీ ఉద్యోగంలో చేరావా?" లేఖరి వచ్చాడు. ముసలాయన, కళ్ళజోడుకి ఒక వైపు దారం కట్టి ఉంది. రికార్డు గదిలో ఉన్నప్పటి నుంచీ ఆవిడకి బాబాయి వరస.

"ఈ అంకె మీదేనా బాబాయ్?"

ఆయన కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "నాదే. నా గదిలో పుట్టిన కాగితం నంబరు లేకుండా గుమ్మం దాటదు. చిత్తుదైనా సరే. మిషన్‌లోనే పెట్టించాను, అక్షరాలతో పాటే పడుతుంది."

"పుస్తకంలో ఎక్కిస్తారా?"

"ఎక్కించకుండా? నలభై రెండేళ్ళ పుస్తకాలున్నాయి అటక మీద. మా ఆవిడ పొయ్యిలోకి పనికొస్తాయంటుంది. నా కట్టెతో పాటు పంపిద్దువుగాని, అప్పటిదాకా ఉండనియ్యి అన్నాను."

బారు పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. వేలు ఆగిన చోట డిటెక్టివ్ చదివింది. 412. హక్కు విడుదల. రెండు పేజీలు. కోరినవారు: అన్న. తీసుకువెళ్ళినది: శుక్రవారం సాయంత్రం 5:40. పక్కన అన్నగారి పొట్టి సంతకం.

శుక్రవారం. కూతురు సంతకం పెట్టడానికి ముందురోజు. తండ్రి పోవడానికి మూడు రోజుల ముందు.

"శనివారం నాటికి ఇది ఖాళీ కాగితం కాదన్నమాట" అంది డిటెక్టివ్ నెమ్మదిగా.

"ఖాళీ ఎందుకవుతుంది? పూర్తిగా అచ్చేసి ఇచ్చాను. ఒక్క తేదీ తప్ప."

"తేదీ ఎందుకు వదిలారు బాబాయ్?"

"వదలడం మా పనిలో మామూలే. సర్వే నంబరు తెలీదంటారు, వదులుతాం. ఇంటి కొలతలు తెలీవంటారు, వదులుతాం." ఆయన గొంతు కాస్త తగ్గింది. "అడిగానమ్మాయ్. నాన్నగారు ఎప్పుడు పోయారు బాబూ అని అడిగాను. తేదీ సరిగ్గా చూసుకుని నేనే వేసుకుంటాను అన్నాడు. తండ్రి పోయిన తేదీ కొడుక్కి చూసుకోవలసి రావడమేంటా అనిపించింది. అంతలో ఎవరో వచ్చారు. ఆ అనిపించింది అక్కడే ఉండిపోయింది." కళ్ళజోడు తీశాడు. "ఆయన అప్పటికి పోలేదా?"

"శుక్రవారం సాయంత్రం కొట్లో కూర్చుని గడియారాలు చూస్తున్నాడు."

డిటెక్టివ్ మళ్ళీ వేళ్ళు మడిచింది. శుక్రవారం కాగితం మీద తండ్రి చనిపోయాడు. శనివారం పొద్దున కూతురు సంతకం. అదే శనివారం కొడుకు మందుల డబ్బా నింపాడు. ఏ గడిలో ఏది పెట్టాడో ఆయనకే తెలుసు. ముసలాయన ఆ గడి దాకా వచ్చేసరికి ఆదివారం రాత్రయింది. అందుకే తేదీ ఖాళీ. ఒకరోజు మందు మర్చిపోతే ఒకరోజు ఆలస్యం, అంతే తేడా.

"మంచి బేరం అనుకున్నాను" అన్నాడు లేఖరి, పుస్తకం మూయబోతూ. "నిన్న కూడా వచ్చాడు."

డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టింది. "నిన్న ఎందుకొచ్చాడు?"

"ఇంకో కాగితానికి."

చివరి పేజీ. 437. తీసుకువెళ్ళినది: మంగళవారం సాయంత్రం 6:10. సంరక్షకత్వ పత్రం. మైనరు ఆడపిల్ల, వయసు అయిదు నెలలు. సంరక్షకుడు: మేనమామ. తల్లి మరణించిన తేదీ: ఖాళీ.

ఆవిడ ఆ లైను రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది. నిన్న సాయంత్రం అయిదింటికి మందుల షాపుకి వెళ్ళి, కౌంటరు మీద చేతులు ఆనించి, "మీ చెల్లెలు ఏ రోజు సంతకం పెట్టింది?" అని అడిగింది తనే. కాగితం నిలబడదని ఆయనకి ఆ ప్రశ్నతోనే అర్థమైంది. చెల్లెలి సగం చెల్లెలిదే అవుతుంది. చెల్లెలు పోతే పాపది అవుతుంది. పాపకి సంతకం రాదు. గంటా పది నిమిషాల్లో ఇక్కడికొచ్చాడు. ఇక్కడినుంచి చెల్లెలి ఇంటికి వెళ్ళాడు, రక్తం తక్కువుందని.

నాలుగూ ఇరవై రెండు. ఆవిడ ఫోను తీసింది. ఆరోసారి మోగాక ఎత్తారు.

"అక్కా" అంది ఆ అమ్మాయి. వెనక పాప గిలక్కాయ మోగుతోంది.

"మీ అన్నయ్య ఇచ్చిన మందుల డబ్బా ఎక్కడిది? కొత్తదా?"

"కాదక్కా, నాన్నదే. మంచి డబ్బా పారెయ్యడమెందుకని కడిగి తెచ్చాడు. మూత మీద నాన్న సూదితో చెక్కిన సూర్యుడూ చంద్రుడూ ఉన్నాయి, అవి చూస్తే నాకు..."

"విను. ఇంక ఒక్క బిళ్ళ కూడా వేసుకోకు. పాపకి నీ పాలివ్వకు. ఇప్పటిదాకా ఏమేం వేసుకున్నావు?"

"ఏమైందక్కా?"

"ముందు చెప్పమ్మా."

మూతలు టకటకమని తెరుచుకున్న చప్పుడు. "నిన్న రాత్రిది... వేసుకున్నాను. ఇవాళ పొద్దుటిది ఖాళీ. ఇవాళ రాత్రిది..." ఆగింది. "ఇది కూడా ఖాళీగా ఉందక్కా. ఇంకా సాయంత్రమేగా. నేనే వేసుకున్నానా? కిందనుంచి వచ్చి, నీళ్ళు తాగాను. అది గుర్తుంది. అన్నయ్యే నింపడం మర్చిపోయాడేమో."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. నిద్ర ఒక్కటే ముంచుకొస్తోంది. పాప పుట్టాక అది మామూలేగా."

"కూర్చోకు. లే. పాపని మంచం మీద పడుకోబెట్టి, మెట్ల వైపు తలుపు గడియ తీసి, అక్కడే నిలబడు. ఫోను పెట్టెయ్యకు."

లేఖరి బల్ల మీద ఇంకో ఫోనుంది. డిటెక్టివ్ తన ఫోను చెవికి నొక్కిపెట్టి, రెండో చేత్తో కోటు కార్డు చూసి నంబరు కొట్టింది. మొదటి మోతకే ఎత్తాడు.

"కొట్లోనే ఉన్నారా? అన్నగారెక్కడ?"

"అరగంట క్రితం వెళ్ళాడు, కాగితం తెస్తానని. ఏం?"

"పైకి వెళ్ళండి. పరుగెత్తండి. డాక్టర్ని పిలవండి. మందుల డబ్బా ఎవరి చేతికీ ఇవ్వకండి. ముసలాయన ప్రాణం తీసింది అందులో బిళ్ళే."

కోటు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

"అమ్మాయ్" అంది డిటెక్టివ్ తన ఫోనులోకి. "తలుపు తీశావా?"

జవాబు లేదు. ఏదో గట్టిది నేల మీద పడి దొర్లిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పాప ఏడవడం మొదలుపెట్టింది. సన్నగా, ముందు అనుమానంగా, తర్వాత గుక్కపెట్టి.

డిటెక్టివ్ పాప గొంతు వినడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి పాపని ఏడవనిచ్చే మనిషి కాదు.